వేశావా, కట్టావా, బిగించావా: ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

మా అక్క కొడుకు పై చదువులకు డాలస్ వెళ్ళిన కొత్తలో జరిగింది ఇది. రూమ్మేట్ ఒక అమెరికా కుర్రాడు. ఇద్దరూ కారులో బయల్దేరి సగం దూరం వెళ్ళాక ఆ అబ్బాయికి అనుమానం వచ్చి "డిడ్ యూ లాక్ ది డోర్?" అని అడిగాడు. మావాడు "యా, ఐ క్లోజ్డ్ ఇట్" అన్నాడు. అంతే, ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పేశాడు. తీరా చూస్తే తాళం వేసే ఉంది. "వేశానని చెప్పానుగా పిన్నీ! నా మాట మీద నమ్మకం లేదా?" అని ఆ రాత్రి ఫోన్లో నా దగ్గర ఒకటే సణుగుడు.

వాడు అబద్ధమేమీ చెప్పలేదు, తెలుగులో ఆలోచించాడు. మనకు తలుపు వేసినా వేయడమే, గడియ వేసినా వేయడమే, తాళం వేసినా వేయడమే. ముందున్న పేరు మారుతుంది గానీ క్రియ కదలదు. బటన్ పెట్టుకుంటాం, పిన్నీసు పెట్టుకుంటాం, మూత పెడతాం, సీటు బెల్టు పెట్టుకుంటాం. వేయడం, పెట్టడం, కట్టడం, బిగించడం, అంటించడం, ఈ అయిదింటితో ఇల్లంతా సర్దుకోగలం.

ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ చేతిలో ఉన్న వస్తువు పేరే క్రియగా మారిపోతుంది. లాక్ అంటే తాళం, తాళం వేయడమూ లాకే. బోల్ట్, బటన్, జిప్, పిన్, క్లిప్, టేప్, హుక్, బకిల్, స్క్రూ, నెయిల్, అన్నీ ఇదే దారి. అందుకే "ఐ పుట్ లాక్ టు ది డోర్" అంటే వాళ్ళకు అర్థమవుతుంది గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను పిల్లలకు చెప్పేది ఒకటే. తెలుగులో ఏ క్రియ వాడుతున్నామో మరిచిపోండి, దాన్ని పట్టి ఉంచుతున్నది ఏమిటో చూడండి. తాళమైతే లాక్, గడియైతే బోల్ట్, తాడైతే టై. పట్టి ఉంచేది ఏదీ లేకపోతే క్లోజ్ లేదా షట్. ఈ సూత్రం నూటికి నూరు పాళ్ళూ పనిచేయదు. ఎక్కడ పనిచేయదో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

గడప దగ్గర

ముందు క్లోజ్, షట్ సంగతి. తలుపు, కిటికీ, పెట్టె, కళ్ళు, పుస్తకం, వీటన్నిటికీ రెండూ చెల్లుతాయి. తేడా ఎక్కువగా స్వరంలోనే. షట్‌లో కాస్త విసురు ఉంది. నోరు మూయమనడంలో అది బాగా తెలుస్తుంది. పళ్ళ డాక్టరు "క్లోజ్ యువర్ మౌత్" అంటాడు. "షట్ యువర్ మౌత్" అంటే మాత్రం అది దెబ్బలాటే. అసలు పాత ఇంగ్లీషులో షట్ అంటే గడియ తోయడం. బాణం వేయడానికి వాడే షూట్‌తో దానికి చుట్టరికం ఉంది. ఆ టక్కుమనే చప్పుడు ఇప్పటికీ ఆ మాటను వదల్లేదు.

షట్ వెళ్ళలేని చోట్లు కొన్ని ఉన్నాయి. బ్యాంకు ఖాతా, మీటింగు, బేరం, వీటికి క్లోజ్ ఒక్కటే. "షట్ ది అకౌంట్" అనరు. నామవాచకానికి ముందు విశేషణంగా పెట్టాలన్నా "క్లోజ్డ్ డోర్" అనాలి, "షట్ డోర్" కుదరదు. ఇంకొకటి, షట్‌కు భూతకాలం కూడా షట్టే. "షట్టెడ్" అనే మాట లేదు. ఏది వాడాలో తేలకపోతే క్లోజ్ వాడండి, ఎక్కడా ఇబ్బంది పడరు. కంప్యూటరు దగ్గర మాత్రం జాగ్రత్త. తెరిచిన ఫైలును క్లోజ్ చేస్తాం, మొత్తం మిషన్‌ను షట్ డౌన్ చేస్తాం, టీ తాగడానికి లేచేటప్పుడు లాక్ చేస్తాం. ఐటీ వాళ్ళకు "ఐ క్లోజ్డ్ మై సిస్టమ్" అని చెబితే ఈ మూడింట్లో ఏది చేశారో వాళ్ళకు తెలియదు.

లాక్ అనాలంటే తాళంచెవో, నంబరో, వేలిముద్రో కావాలి. అంటే బయటివాడు తీయలేకపోవాలి. లోపలివైపు ఉండే గడియ బోల్ట్. లాచ్ అంటే తలుపు నెట్టగానే దానంతట అదే వెళ్ళి గాడిలో పడే నాలుక. మనవైపు గడియను కూడా లాచ్ అనేస్తారు, దాన్ని పెద్ద తప్పుగా నేను లెక్కపెట్టను. పాత మండువా ఇళ్ళలో సింహద్వారానికి లోపలి నుంచి అడ్డంగా ఒక దుంగ పెట్టేవారు చూడండి, దానికి బార్. "దే బార్డ్ ది డోర్" అని పాత కథల్లో కనిపిస్తుంది. గొలుసు దగ్గర మాత్రం సూత్రం అడ్డం తిరుగుతుంది. సైకిల్‌ను కటకటాలకు గొలుసుతో కడితే "చెయిన్" క్రియ అవుతుంది గానీ, తలుపుకున్న చిన్న గొలుసు తగిలించడాన్ని "పుట్ ది చెయిన్ ఆన్" అంటారు.

హార్డ్‌వేర్ షాపులో వినే ఆల్‌డ్రాప్, టవర్ బోల్ట్ అనే పేర్లు మనకు కొట్టిన పిండి. ఆల్‌డ్రాప్ అంటే తాళంకప్ప తగిలించడానికి వీలుండే ఆ పెద్ద గడియ. అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళు అక్కడి షాపుకెళ్ళి ఆల్‌డ్రాప్ అడిగితే కౌంటర్లో మనిషి తెల్లమొహం వేస్తాడు. స్లైడ్ బోల్ట్ అనో బ్యారెల్ బోల్ట్ అనో అడగాలి.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన మాట. అమ్మ కూరగాయలకు వెళ్తూ గుమ్మంలోంచి "తలుపు వేసుకో" అంటుంది. తలుపు వేయి అనలేదు, వేసుకో అంది. ఆ "కో" ఒక్క అక్షరమే, కానీ అందులో ఎంతో ఉంది. నేను బయటికి వెళ్తున్నాను, నువ్వు లోపల ఉంటావు, నా వెనకాలే లేచి వచ్చి గడియ పెట్టు, ఎవరు పడితే వాళ్ళకు తీయకు. "క్లోజ్ ది డోర్" అంటే ఇందులో పావు వంతు కూడా రాదు. "లాక్ ది డోర్ బిహైండ్ మీ" లేదా "బోల్ట్ ఇట్ ఆఫ్టర్ మీ" అనాలి. బిహైండ్ మీ, ఆఫ్టర్ మీ అనే తోకలే మన "కో" చేసే పని చేస్తాయి.

దీనికి ఎదురుగా ఇంకొకటి ఉంది. "తలుపు దగ్గరకు వేసి వెళ్ళు" అంటాం. రెక్క చట్రానికి ఆనితే చాలు, గడియ అక్కర్లేదు. దీనికి "పుల్ ది డోర్ టూ" అనే వాడుక ఉంది. ఇక్కడ ఆ టూ నిండుగా పలకాలి. అది తెలియనివాళ్ళకు వాక్యం సగంలో తెగిపోయినట్టు ఉంటుంది, అందుకని నేనైతే "పుల్ ఇట్ క్లోజ్డ్, బట్ డోంట్ లాక్ ఇట్" అంటాను. ఓరగా వదిలేయడం "లీవ్ ఇట్ అజార్".

తాళంచెవి లోపలుండగా తలుపు పడిపోతే ఏమనాలి? "ఐ లాక్డ్ మైసెల్ఫ్ అవుట్". ఇది నేర్చుకుని పెట్టుకోండి, విదేశాల్లో ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా అవసరం పడుతుంది. ఫ్యాక్టరీల లాకౌట్ కూడా ఈ మాటే. మన కార్మిక చట్టాల్లో యజమాని తాత్కాలికంగా మూస్తే లాకౌట్, శాశ్వతంగా మూస్తే క్లోజర్. కార్మికుడికి ఈ రెండు మాటల మధ్య తేడా అంటే ఉద్యోగం ఉండటానికీ పోవడానికీ ఉన్న తేడా.

షాపు బోర్డు మీద

మన ఊళ్ళలో గాజు తలుపులకు వేలాడే బోర్డు ఒకవైపు "ఓపెన్", తిప్పితే "క్లోజ్" అని ఉంటుంది. జత బాగా కుదిరినట్టే కనిపిస్తుంది గానీ తప్పు. ఓపెన్ అనే మాట తెరవడానికీ పనికొస్తుంది, తెరిచి ఉండటానికీ పనికొస్తుంది. క్లోజ్ అలా కాదు. మూసి ఉంది అనాలంటే క్లోజ్డ్ కావాలి. కాబట్టి "ది షాప్ ఈజ్ ఓపెన్", "ది షాప్ ఈజ్ క్లోజ్డ్". కొందరు అతిజాగ్రత్తకు పోయి "ఓపెన్డ్" అంటారు, అప్పుడది మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించిన వార్తలా ఉంటుంది.

ఉచ్చారణ ఇంకో మెలిక. మూయడం అనే అర్థంలో చివర జ లాంటి శబ్దం, క్లోజ్. దగ్గర అనే అర్థంలో చివర స, క్లోస్. ప్రాణ స్నేహితుడు "క్లోస్ ఫ్రెండ్". తెలుగులో రాసేటప్పుడు రెండిటికీ జ పెట్టేస్తాం, అదే నోటికి అలవాటైపోయింది.

"ఆ కొట్టు కట్టేశాడు" అంటే మనకు రెండర్థాలు. ఇవాళ్టికి కట్టేశాడా, వ్యాపారమే ఎత్తేశాడా? ఇంగ్లీషులో మొదటిది "క్లోజ్డ్ ఫర్ ది డే", రెండోది "క్లోజ్డ్ డౌన్".

కట్టు అనే ఆల్‌రౌండర్

తెలుగులో కట్టు చేయని పని లేదు. గేదెను కడతాం, మూట కడతాం, చీర కడతాం, ఇల్లు కడతాం, ఫీజు కడతాం, కుళాయి కడతాం, టీవీ కట్టేస్తాం. ఇల్లు, ఫీజు దగ్గర ఎవరూ పొరబడరు. తప్పంతా చివరి రెండిటి దగ్గరే. "క్లోజ్ ది టీవీ", "క్లోజ్ ది ఫ్యాన్" అని చదువుకున్నవాళ్ళు కూడా అనేస్తారు. కరెంటుతో నడిచేవాటికీ, నీళ్ళూ గ్యాసూ వచ్చేవాటికీ టర్న్ ఆఫ్. కుళాయికి క్లోజ్ అన్నా అర్థమవుతుంది గానీ టర్న్ ఆఫ్ అంటే అన్నిటికీ సరిపోతుంది.

టై అనాలంటే అక్కడ ముడి పడే వస్తువు ఉండాలి. తాడు, దారం, రిబ్బను, లేసు, లంగా బొందు. చీర కట్టుకోవడానికి టై అంటే చీరను దేనికో తాడులా కట్టినట్టు వినిపిస్తుంది. "వేర్ ఎ సారీ" అనండి, కుచ్చిళ్ళు పెట్టి చుట్టుకునే పనిని ప్రత్యేకంగా చెప్పాలంటే "డ్రేప్". బూట్ల లేసులకు టై. లేస్ అప్ అంటే రంధ్రాల్లోంచి లేసు బిగించి లాగి ముడి వేసే మొత్తం తతంగం.

గేదెను గుంజకు కట్టేస్తే "టై అప్". అదే గేదె మేయడానికి వీలుగా పలుపు పొడుగ్గా వదిలి కడితే టెదర్. ఈ రెండిటి తేడా పల్లెటూరివాళ్ళకు వివరించక్కర్లేదు. ఫోన్లో హాట్‌స్పాట్ పక్కనే టెదరింగ్ అని కనిపించేది ఈ మాటే. ఫోను గుంజ, లాప్‌టాప్ గేదె. చుట్లు చుట్లుగా చుట్టి కదలకుండా కడితే బైండ్, పుస్తకాలకు ఇదే వాడతాం. గాయానికి కట్టు కట్టడం బ్యాండేజ్ చేయడం. పడవను రేవులో తాళ్ళతో కట్టేస్తే మూర్, లంగరు వేస్తే "డ్రాప్ యాంకర్".

మంగళసూత్రానికి టై సరైన మాటే. పెళ్ళి చేసుకోవడానికి ఇంగ్లీషువాళ్ళు "టై ది నాట్" అంటారు, ముడి వేయడమన్నమాట. వాళ్ళకు ఒక్క ముడే, మనకు మూడు.

ఒంటి మీద

బట్టల దగ్గర నన్నడిగితే ఒక బ్రహ్మాండమైన మాట ఉంది, మనవాళ్ళు దాన్ని వాడరు. "డూ అప్". బొత్తాలు, గుండీలు, జిప్పు, కోటు, లేసులు, అన్నిటికీ పనికొస్తుంది. మన "పెట్టుకో"కు ఇంగ్లీషులో దీనికన్నా దగ్గర చుట్టం లేదు. "డూ అప్ యువర్ షర్ట్", అంతే. ఇది బ్రిటన్ వైపు ఎక్కువ వినిపిస్తుంది. అమెరికాలో వస్తువు పేరే చెబుతారు, బటన్ అప్, జిప్ అప్. రెండుచోట్లా అర్థమవుతుంది కాబట్టి మీ ఇష్టం.

జిప్ కథ వేరు. మిగతావాటిలో వస్తువు పేరు ముందు, క్రియ తర్వాత. జిప్ మొదట సర్రుమని దూసుకుపోయే శబ్దం మాత్రమే. 1923లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లకు జిప్పర్ అని పేరు పెట్టింది, ఆ బూట్లకున్న పట్టీకే తర్వాత ఆ పేరు స్థిరపడింది. ఇప్పటికీ వస్తువును అమెరికాలో జిప్పర్ అంటారు, బ్రిటన్‌లో జిప్.

జాకెట్టు హుక్కులకు హుక్ అంటే చాలు. నొక్కితే టిక్కుమనే టిచ్ బటన్‌కు అమెరికాలో స్నాప్, బ్రిటన్‌లో పాపర్. పైట జారకుండా భుజం మీద పిన్నీసు పెట్టుకోవడం "పిన్ ది పల్లూ టు ది బ్లౌజ్". వరస గమనించండి. దేన్ని, దేనికి. "పుట్ ఎ పిన్ ఇన్ ది సారీ" అంటే చీరలో సూది గుచ్చి వదిలేసినట్టుంది. రాసేటప్పుడు పిన్, జిప్, క్లిప్, స్నాప్ లాంటి పొట్టి మాటలకు భూతకాలంలో చివరి అక్షరం రెండుసార్లు వస్తుంది. బటన్‌కు, ఫాసెన్‌కు రాదు.

ఫాసెన్ అన్నాను కదా, ఇందులో టీ అక్షరం రాయడానికే, పలకకూడదు. ఇది ఫాస్ట్ నుంచి వచ్చింది. వేగం అనే ఫాస్ట్ కాదు, గట్టిగా నిలిచి ఉండటం అనే పాత ఫాస్ట్. గాఢనిద్రను "ఫాస్ట్ అస్లీప్" అంటారు. చీర రంగు పోదని షాపువాడు చెప్పే ఫాస్ట్ కలరూ అదే. కాబట్టి ఫాసెన్ అంటే ఏదో ఒక రకంగా ఊడిపోకుండా చేయడం. బకిలా, హుక్కా, వెల్‌క్రోనా అన్నది దానికి పట్టదు. వెల్‌క్రో నిజానికి ఒక కంపెనీ పేరు. దాన్ని కనిపెట్టిన స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కు తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలు చూసి ఆ ఆలోచన వచ్చింది. చేనుగట్టు మీద నడిచొస్తే పంచెకు ఉత్తరేణి గింజలు పట్టుకుని వదలవే, అలాంటివే. ఆ పట్టీని అంటించడానికి క్రియ వెతుక్కోకండి, "ఫాసెన్ ది స్ట్రాప్" అంటే సరిపోతుంది.

సీటు బెల్టు దగ్గర అయిదు మాటలు పోటీ పడతాయి. నియమం చెప్పాలంటే వేర్. "ఆల్వేస్ వేర్ ఎ సీట్ బెల్ట్". కారెక్కి తీసి పెట్టుకునే క్షణానికి పుట్ ఆన్. క్లిప్పు టక్కున పడేదాకా నొక్కడానికి ఫాసెన్. విమానంలో ముందు సీటు వెనక అంటించి ఉండేది "ఫాసెన్ సీట్ బెల్ట్ వైల్ సీటెడ్". అమెరికా రోడ్ల మీద చనువుగా బకిల్ అప్. క్లిప్పు పడ్డాక పట్టీ లాగి వదులు తీసేయడానికి టైటెన్. తెలుగులో బిగించు అంటే పెట్టడమూ, లాగడమూ రెండూ వస్తాయి, అందుకే ఫాసెన్ అనాల్సిన చోట మనం టైటెన్ అనేస్తుంటాం. "టై యువర్ సీట్ బెల్ట్" అని ఎప్పుడూ అనకండి. బ్రిటన్‌లో "బెల్ట్ అప్" అంటే కొన్నిచోట్ల నోర్ముయ్ అని కూడా అర్థం, అదీ గుర్తుంచుకోండి. మన దేశంలో బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద 1000 రూపాయలు జరిమానా, అక్కడ ఏ క్రియ వాడినా ఒకటే.

హెల్మెట్ విషయంలో చట్టం ఇంకా ఆసక్తిగా ఉంది. అదే చట్టంలోని 129వ సెక్షను రక్షణ టోపీ అంటే ఏమిటో చెబుతూ, పట్టీలతో తలకు "సెక్యూర్లీ ఫాసెన్డ్" అయి ఉండాలంటుంది. అంటే పట్టీ పెట్టకుండా నెత్తిన ఊరికే బోర్లించుకున్నది ఆ నిర్వచనానికి అందదు. మీరు వేర్ చేశారు, ఫాసెన్ చేయలేదు. మా వీధిలో సగం బండ్లకు ఈ రెండు క్రియల తేడా తెలియదు.

వంటింట్లో

మూత పెట్టు అనగానే క్లోజ్ రాకూడదు. మూత పాత్రకు అతుక్కుని ఉంటే, అంటే డస్ట్‌బిన్‌లా, లాప్‌టాప్‌లా ఉంటే "క్లోజ్ ది లిడ్". మూకుడు విడిగా తెచ్చి కూర మీద పెడితే "కవర్ ది పాన్" లేదా "పుట్ ది లిడ్ ఆన్". వంటల వీడియోల్లో వచ్చే "కవర్ అండ్ కుక్" అంటే మూత పెట్టి మగ్గనివ్వమని. కుక్కర్ మూత తిప్పి బిగించడం "లాక్ ది లిడ్", తాళం లేకపోయినా సరే. సీసా మూత మరలా తిప్పేదైతే "స్క్రూ ది క్యాప్ ఆన్". బిరడా బెండుదైతే కార్క్, గాజుదో రబ్బరుదో అయితే స్టాపర్.

వాసెన కట్టడానికి మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాట దొరకలేదు నాకు. ఆవకాయ జాడీ మూతికి ఉతికిన గుడ్డ పరిచి, మెడ చుట్టూ దారం చుట్టి కడతాం కదా. "టై ఎ క్లాత్ ఓవర్ ది మౌత్ ఆఫ్ ది జార్" అని సాగదీసి చెప్పాల్సిందే. కొందరు దీన్ని సీల్ అని రాస్తున్నారు, అది తప్పు. సీల్ అంటే గాలి, నీరు చొరకూడదు. లేదా ఎవరైనా తెరిస్తే తెలిసిపోవాలి, ఉత్తరాల మీద లక్క ముద్ర వేసేది ఇందుకే. వాసెన గుడ్డలోంచి గాలి ఆడుతుంది.

సీల్ దగ్గరే మన వార్తల్లో ఒక పొరపాటు పాతుకుపోయింది. "అధికారులు హోటల్‌ను సీజ్ చేశారు" అని రోజూ చదువుతాం. తలుపుకు కాగితం అంటించి ముద్ర వేసి మూసేస్తే అది సీల్. లోపలున్న సరుకును స్వాధీనం చేసుకుంటే సీజ్. తెలుగు వార్త చదివి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు హోటల్‌ను సీల్ చేశారు, కల్తీ నూనెను సీజ్ చేశారు అని విడదీసి చెప్పండి.

ఆఫీసు కాగితాలు

"ఈ కాగితాలు పిన్ చెయ్" అని మన ఆఫీసుల్లో అంటే స్టేప్లర్ తీస్తారు. "పిన్ను కొట్టు" అన్నా అంతే. ఇంగ్లీషులో పిన్ అంటే గుండుసూది, స్టేప్లర్‌తో కొట్టేది స్టేపుల్. బయటి దేశం నుంచి వచ్చిన ఫారంలో "డూ నాట్ స్టేపుల్" అని ఉంటే దానర్థం పిన్ను కొట్టొద్దనే. క్లిప్ పెట్టడానికి క్లిప్, దారపు ట్యాగుతో గుచ్చడానికి ట్యాగ్.

ఫోటో దగ్గర ఫారాలు అఫిక్స్ అంటాయి. పెద్ద మాటలా ఉన్నా అడిగేది జిగురుతో అంటించమనే. నోటిమాటగా స్టిక్ అనండి. పేస్ట్ అంటే కాగితానికి మైదాపిండి లాంటి పల్చటి జిగురుతో అంటించడం, గ్లూ అంటే కర్ర, ప్లాస్టిక్ లాంటివాటిని గట్టి జిగురుతో అతికించడం. మనకు గ్లూ అంటే ఫెవికాలే గానీ, ఆ పేరు దేశం దాటితే పనిచేయదు. చివరగా, తెలుగు అర్జీల్లో "జతపరచడమైనది" అని రాస్తాం. కవరులో వేరే కాగితంగా పెడితే ఎన్‌క్లోజ్డ్, ఈమెయిల్‌కు తగిలిస్తే అటాచ్డ్. ఈమెయిల్‌లో "ఎన్‌క్లోజ్డ్" అని రాసేవాళ్ళను చూస్తే పాతకాలపు గుమాస్తా గుర్తొస్తాడు నాకు. అదేం నేరం కాదు లెండి.

మేకులు, మరలు

ఇక్కడ సూత్రం చక్కగా నడుస్తుంది. మేకుతో కొడితే నెయిల్, మరతో బిగిస్తే స్క్రూ, నట్టూ బోల్టూ వేస్తే బోల్ట్. తలుపు గడియా ఇదే మాట, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. లోహపు అంచులే కరిగి ఒకటైతే వెల్డ్. వాటిని కరగనీయకుండా మధ్యలో వేరే లోహాన్ని కరిగించి పోస్తే సాల్డర్. "బిందెలకు మాట్లేస్తాం" అని అరుస్తూ వీధిలోకి వచ్చేవాళ్ళు చేసింది ఈ రెండోదే.

ఫిక్స్ జోలికి ఆచితూచి వెళ్ళండి. మనకు ఫ్యాను ఫిక్స్ చేయడమంటే కొత్త ఫ్యాను బిగించడం. అమెరికా మనిషికి పాడైన ఫ్యాను బాగుచేయడం. బిగించడానికి ఇన్‌స్టాల్, గోడకైతే మౌంట్ అంటే అయోమయం ఉండదు.

సెక్యూర్ అన్నిటికీ గొడుగు లాంటి మాట. లారీలో సరుకు దొర్లకుండా, గ్యాస్ సిలిండరు పడిపోకుండా, గాలికి టార్పాలిన్ ఎగరకుండా చేయడం సెక్యూర్ చేయడం. తాడు కట్టారా, గొలుసు వేశారా అని అడగదు, ఫలితం చూస్తుంది. నోటీసులకు, మాన్యువళ్ళకు సరిపోతుంది. ఇంట్లో "సెక్యూర్ ది డోర్" అంటే పోలీసు సినిమాలా ఉంటుంది.

విప్పడం, తీయడం

కట్టినదాన్ని విప్పాలి కదా. మనం అన్నిటికీ తియ్యి అంటాం, ఇంగ్లీషులోకి వెళ్ళగానే అది ఓపెనో రిమూవో అయిపోతుంది. "ఓపెన్ ది బటన్", "ఓపెన్ ది లేసెస్" రెండూ అతకవు. "రిమూవ్ ది బటన్" అంటే బొత్తాన్ని దారంతో సహా తెంపేయమని. అన్‌బటన్, అన్‌టై, అన్‌హుక్, అన్‌లాక్, అన్‌బోల్ట్, ముందు అన్ చేరిస్తే సగం పని అయిపోయినట్టే. సగం అని ఎందుకన్నానంటే అన్‌క్లోజ్, అన్‌షట్ అని అనరు, వాటికి ఓపెనే. బిగుతుగా ఉన్న ముడిని పూర్తిగా విప్పకుండా వదులు చేస్తే లూసెన్. డూ అప్‌కు ఎదురుమాట అన్‌డూ, అదీ అన్ని బట్టలకూ పనికొస్తుంది.

ఎవరి ప్యాంటు జిప్పైనా తెరిచి ఉంటే మనం నవ్వాపుకుంటూ "పోస్టాఫీసు తెరిచుంది" అంటాం. విదేశంలో ఆఫీసు మిత్రుడికి ఇది చెప్పాల్సి వస్తే "యువర్ పోస్టాఫీస్ ఈజ్ ఓపెన్" అనకండి, ఏ ఉత్తరం వేయాలా అని చూస్తాడు. పక్కకు పిలిచి, మెల్లగా "యువర్ ఫ్లై ఈజ్ డౌన్" అనండి. బ్రిటన్ మనిషైతే "యువర్ ఫ్లైస్ ఆర్ అన్‌డన్".